దూరబోధనలో గణితము: ఇంటిలోని ప్రమేయములు

ఎదుట గురువు, ఆయన వెనుక నల్లబల్ల, చేతిలో సుద్దముక్క: గణితబోధన అనగానే మన మనస్సున మెదలు చిత్రమిది. చరిత్రను, సాహిత్యమును ఇంటివద్ద చదివి కొంతవరకు గ్రహింపవచ్చును గాని, గణితమును మాత్రము గురుముఖముననే నేర్వవలెనని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. లెక్కలో ఏ మెట్టువద్ద విద్యార్థి కాలు జారినాడో అతని ముఖము చూచియే గురువు పసిగట్టగలడు. అట్టి గురువు ఎదుట లేనప్పుడు గణితము నేర్పుట సాధ్యమా? సాధ్యమైనచో ఏ విధముగా? ఈ ప్రశ్నను మేము కోరి తెచ్చుకొనలేదు. కాలమే దానిని మా ముందుంచినది.

2020 మార్చి నెలలో కోవిడ్ వ్యాధి కారణముగా విద్యాలయములు మూతపడినవి. మార్చి 25 నుండి దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. గురువు ఒక ఇంట, విద్యార్థి ఒక ఇంట ఉండిపోయిరి.

దూరబోధన మనకు పూర్తిగా క్రొత్తది కాదు. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములను అందించిన ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ కూడ పాలుపంచుకొన్నది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ప్రసిద్ధమైన సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున వెలసినది. దేశములో అట్టి విశ్వవిద్యాలయములలో అదియే మొదటిది. 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ప్రసారముల ద్వారా పాఠశాల విద్యార్థులకు పాఠములు చెప్పిరి. ఇవన్నియు మెచ్చదగినవే. అయినను ప్రసారమగు పాఠము ఒకవైపు నుండి మాత్రమే ప్రవహించును. వినువాడు ఎక్కడ తప్పినాడో చెప్పువానికి తెలియదు. ఇతర విషయములలో ఈ లోపమును కొంత సహింపవచ్చును. గణితములో ఇది ప్రాణాంతకము.

ఆ రోజులలో మా పరిసరములలోని తొమ్మిది, పది తరగతుల పిల్లలు పదునెనిమిది మందికి ఫోను ద్వారా లెక్కలు చెప్పు పనిని మేము చేపట్టితిమి. మొదటి నెలలో మేము చేసిన పని, చేసిన లెక్కను ఫోటో తీసి పంపుట. పిల్లలును తమ జవాబులను ఫోటో తీసి పంపుచుండిరి. ఒకనాడు ఆ జవాబులను వరుసగా చూచుచుండగా, మూడవ మెట్టులో ఒకరు ఋణగుర్తును మరచినచోటనే మరి తొమ్మిదిమందియు మరచియుండిరి. ఒకరి జవాబు అందరి ఇండ్లకు ప్రయాణము చేసినదని అర్థమైనది. ఇందులో పిల్లల దోషము కంటె మా దోషమే ఎక్కువ. అందరికి ఒకే లెక్క ఇచ్చితిమి. దాని జవాబు ఎవరి జీవితమునకు సంబంధించినది కాదు. కనుక దానిని నకలు చేయుటలో ఎవరికి నష్టము కనబడలేదు.

అప్పుడు మేము ప్రమేయముల వైపు మరలితిమి. ఈ పేరు విద్యార్థికి సాధారణముగా ఇంటర్మీడియట్‌లో గాని వినబడదు. భావము మాత్రము ఉన్నత పాఠశాలలోనే, రేఖీయ సమీకరణములలోను, వర్గ బహుపదులలోను దాగియున్నది. ఒక రాశి మారినప్పుడు దానిని అనుసరించి మరియొక రాశి మారుట, మొదటి దాని ప్రతి విలువకు రెండవ దానికి ఒకే ఒక నిశ్చితమైన విలువ ఉండుట, ఇదియే ప్రమేయము. మన వాడుకలో “ఆ గొడవలో నా ప్రమేయము లేదు” అందుము గదా! సంబంధము లేదని అర్థము. గణితములోని మాటకును ఇదియే ప్రాణము. ఉర్దూ మాధ్యమ గ్రంథములలో దీనిని “తఫాఉల్” అందురు. పరస్పరము పనిచేయుట అని ఆ మాటకు భావము. రెండు భాషలును ఒకే విషయమును రెండు వైపుల నుండి చూపుచున్నవి.

1748లో ఆయిలర్ మహాశయుడు ప్రమేయమనగా ఒక సూత్రమని వివరించెను. 1837లో డిరిచ్లె అను పండితుడు సూత్రము ఉండి తీరవలెనను నిర్బంధమును తొలగించి, ఒక్కొక్క విలువకు ఒక్కొక్క నిశ్చిత విలువ ఉన్న చాలుననెను. ఈ రెండవ భావనయే మాకు దారి చూపినది. ఏలయన సూత్రము లేకున్నను పట్టిక ఉన్న చాలును; పట్టికలు ప్రతి ఇంటను కలవు.

ఆ సంవత్సరము మన దేశములో చాలచోట్ల రంజాన్ ఉపవాసములు ఏప్రిల్ 25న ప్రారంభమైనవి. మసీదులు మూసియున్నందున నమాజులు ఇండ్లలోనే జరిగినవి. ప్రతి ఇంటి గోడకును సహరీ, ఇఫ్తార్ సమయముల పట్టిక వ్రేలాడుచుండెను. దానినే మేము పాఠ్యగ్రంథముగా గైకొంటిమి. హైదరాబాదులో ఏప్రిల్ 25న సూర్యాస్తమయము సుమారు 6 గంటల 34 నిమిషములకు, మే 24న సుమారు 6 గంటల 44 నిమిషములకు అగును. అనగా 29 దినములలో 10 నిమిషములు. దాదాపు మూడు దినములకు ఒక నిమిషము. “గడచిన దినములను మూడుచే భాగించి, 34ను కలిపిన, ఆరు గంటలు దాటిన నిమిషములు వచ్చును” అను సూత్రమును పిల్లలే కనుగొనిరి. గ్రాఫు కాగితముపై అది సరళరేఖ. మూడింట ఒకటి దాని వాలు.

ఒక బాలుని ఇంట ఉన్న పట్టికలో జాగ్రత్త కొరకు రెండు నిమిషములు కలిపి ముద్రించియుండిరి. అతని రేఖ ఇతరుల రేఖకంటె రెండు గడులు పైన నిలిచినది గాని వాలు మారలేదు. విశాఖపట్నములో సూర్యుడు హైదరాబాదుకంటె సుమారు 19 నిమిషములు ముందుగా అస్తమించును. అక్కడి రేఖ క్రిందుగా పోవును. వాలు మాత్రము దాదాపు అదియే. సమాంతర రేఖలనగా నేమో, స్థిరరాశి ఏమి చేయునో, వాలు ఏమి చేయునో వేరుగా బోధింపవలసిన అవసరము కలుగలేదు.

అటుపిమ్మట ఒక ప్రశ్న వేసితిమి: “మీ సూత్రము ప్రకారము వచ్చే సంవత్సరము ఇదే తేదీన సూర్యుడు ఎప్పుడు అస్తమించును?” 365ను మూడుచే భాగింపగా దాదాపు 122 నిమిషములు వచ్చినది. రాత్రి 8 గంటల 36 నిమిషములు! ఫోనులో నవ్వులు వినబడినవి. అదే తేదీన సూర్యుడు మరల 6 గంటల 34 నిమిషములకే అస్తమించునని అందరికి తెలియును. మరి సూత్రము తప్పా? తప్పు కాదు. అది ఆ నెల వరకే సత్యము. సంవత్సరము పొడుగున చూచినచో హైదరాబాదులో సూర్యాస్తమయము నవంబరు చివర సుమారు 5 గంటల 40 నిమిషములకును, జూలై మొదట సుమారు 6 గంటల 55 నిమిషములకును నడుమ తరంగమువలె ఊగుచుండును. ఆ తరంగములోని చిన్న ముక్కయే మన సరళరేఖ. ఏ విలువలకు ప్రమేయము వర్తించునో ఆ విలువల సమితిని “ప్రదేశము” అందురు. పుస్తకములో ఈ మాటను కంఠస్థము చేసిన విద్యార్థులనేకులు కలరు. నవ్వుతో నేర్చినవారు దానిని మరువలేదు.

రెండవ పాఠమునకు కావలసినవి ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా, ఒక సూది, ఒక స్కేలు, ఫోనులోని గడియారము. సీసా ప్రక్కలు నిటారుగా ఉండవలెను. అడుగున చిన్న రంధ్రము చేసి, మూత తీసి, రంధ్రమునకు పైగా 16 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీరు పోసి, రెండు నిమిషములకొకసారి ఎత్తును కొలువవలెను. రంధ్రపు పరిమాణమును బట్టి అంకెలు మారును. లెక్క సులువగుటకు 16, 9, 4, 1 అని వచ్చినవనుకొందము. మొదటి రెండు నిమిషములలో 7 సెంటీమీటర్లు తగ్గినవి. ఇదే వేగముతో పోయినచో అయిదు నిమిషముల లోపుననే సీసా ఖాళీ కావలెనని పిల్లలు ముందుగా ఊహించి వ్రాసికొనిరి. సీసా వారి మాట వినలేదు. తగ్గుదల 7, తరువాత 5, తరువాత 3. నీటి మట్టము తగ్గినకొలది ఒత్తిడి తగ్గి ధార మందగించును. ఈ ధర్మమును 1644లో టోరిసెల్లీ ప్రకటించెను.

తగ్గుదలలు సమానముగా లేవు. కాని వాటి మధ్య భేదము ప్రతిసారి 2. మొదటి భేదములు సమానమైన సరళరేఖ; రెండవ భేదములు సమానమైన వర్గ ప్రమేయము. “నాలుగులో నుండి కాలములో సగమును తీసివేసి వర్గము చేసిన ఎత్తు వచ్చును” అనునది ఇక్కడి సూత్రము. గ్రాఫు పరావలయము. ఎనిమిదవ నిమిషమున ఎత్తు సున్న. మరి పదియవ నిమిషమున? నాలుగులో నుండి అయిదు పోగా ఋణ ఒకటి. దాని వర్గము ఒకటి. సూత్రము ప్రకారము సీసాలో మరల ఒక సెంటీమీటరు నీరు చేరవలెను! కారిపోయిన నీరు తిరిగి సీసాలోనికి ఎక్కదని చిన్నపిల్లవానికిని తెలియును. ఇక్కడను ప్రదేశమే మన తప్పును కాపాడినది: సున్న నుండి ఎనిమిది నిమిషముల వరకే ఈ సూత్రమునకు అధికారము.

మూడవ పాఠము విద్యుత్తు బిల్లు. ఉదాహరణకు మొదటి 100 యూనిట్లకు యూనిటు రూ. 2 చొప్పున, ఆపై యూనిట్లకు రూ. 4 చొప్పున అనుకొందము. 100 యూనిట్లకు రూ. 200, 101 యూనిట్లకు రూ. 204. రేఖ 100 వద్ద వంగును గాని తెగదు. మరియొక పద్ధతిలో 100 దాటినచో మొత్తము యూనిట్లకు రూ. 3 చొప్పున అనుకొందము. 100కు రూ. 200; 101కి రూ. 303. ఆ ఒక్క యూనిటు ఖరీదు రూ. 103! గ్రాఫు అక్కడ తెగి పైకి దుమికినది. ఈ పాఠము తరువాత ఒక బాలిక ప్రతి సాయంకాలము మీటరు చూచి, నెల ముగియుటకు ఎన్ని యూనిట్లు మిగిలియున్నవో తల్లికి చెప్పుచుండెను. ఆ ఇంట గణితమునకు లభించిన గౌరవము పరీక్షలో వచ్చు మార్కులకంటె తక్కువది కాదు.

ఈ పాఠములు దూరబోధనకు ఏల అనుకూలించినవో ఆలోచింపవలెను. ప్రమేయమనగా అంకెల జంటలు. జంటలను చెప్పుటకు చిత్రములు పంపనక్కరలేదు. సామాన్యమైన ఫోనులో రెండు నిమిషములు మాటలాడిన చాలును. పిల్లవాడు తన ఇంటి నుండి జంటలు చెప్పుచుండగా మేము మా ఇంట గ్రాఫు గీచుచుంటిమి. ఎక్కడ కొలత తప్పినదో చుక్క వరుస తప్పి చూపుచుండెను. ఎవరి సీసా వారిది, ఎవరి మీటరు వారిది. నకలు చేసిన ప్రయోజనము లేదు. అన్నిటికంటె ముఖ్యము, కొలుచుటకు ముందే ఊహించి వ్రాయవలెనను నియమము. గురువు ఎదుట లేకున్నను విద్యార్థి తప్పును వస్తువే దిద్దినది. గురువు చేయవలసిన పనిలో కొంత భాగమును సీసా చేసినది, గోడమీది పట్టిక చేసినది.

అయితే ఇంతటితో దూరబోధన సర్వము సాధించునని చెప్పుట ఆత్మవంచన. ఒక ఇంట నలుగురు పిల్లలకు ఒకటే ఫోను. అదియు తండ్రి పనినుండి వచ్చిన తరువాత గాని దొరకదు. ఆడపిల్లలకు ఆ వేళకు వంటపని. పదునెనిమిది మందిలో ముగ్గురు మధ్యలోనే ఆగిపోయిరి. ఇద్దరు దుకాణములలో పనికి కుదిరిరి. మూడవ బాలిక ఇంటి ఫోను మరల మ్రోగలేదు. వారు లెక్కలలో వెనుకబడినవారు కారు. సీసా ప్రయోగములో అందరికంటె సరియైన కొలతలు చెప్పినది ఆ బాలికయే. పాఠము ఎంత బాగున్నను, విద్యార్థి వద్దకు చేరు దారి తెగిన పిమ్మట పాఠమునకు ప్రదేశము లేదు.

కనుక కళాశాల కమిటీ వారికి మా విన్నపము ఒకటి కలదు. విద్యాలయము తెరచియున్న దినములలోను వారమునకొక సాయంకాలము ఫోనుద్వారా సందేహములు తీర్చు ఏర్పాటు ఉండవలెను. జ్వరము వచ్చి, పెండ్లిపనులు వచ్చి, కూలిపనులు వచ్చి బడికి రాలేకపోవు పిల్లలు ప్రతి సంవత్సరము ఉందురు. వారికి ఆ సాయంకాలమే బడి. దీనికి కావలసిన ధనము స్వల్పము. కావలసినది మన ఓపిక.

విద్యార్థి సోదరీ సోదరులారా! సూత్రము కనబడగానే దానిని నమ్మి కూర్చుండకుడు; నిరాకరింపకుడు. అది దేనిని గూర్చి చెప్పుచున్నది, ఎక్కడినుండి ఎక్కడివరకు చెప్పుచున్నది అని అడుగుడు. ఈ సాయంకాలము ఇంటికి పోయి గోడమీది పట్టికను, గుమ్మములోని మీటరును ఒకసారి పరికించి చూడుడు. మీ మొదటి ప్రమేయము అక్కడ మీకొరకు వేచియున్నది.