పొగను కాల్చే పొయ్యి

"పొగ మంటలోంచే పుడుతుంది కదా మాస్టారూ, మరి మంటలోనే ఎందుకు కాలిపోదు?" తొమ్మిదో తరగతి కుర్రాడి ప్రశ్న ఇది.

కాలుతుంది, దారి చూపిస్తే. బెజవాడలో సామిల్లు దగ్గర కాపురమున్న ఇల్లాళ్లకు ఆ దారి తెలుసు. డబ్బా మధ్యలో రోకలి నిలబెట్టి, అడుగు కంతలోంచి ఒక కర్ర దూర్చి, చుట్టూ రంపప్పొట్టు దట్టించేవారు. రెంటినీ మెల్లగా లాగేస్తే మిగిలేది వంపు తిరిగిన సొరంగం. అడుగున అంటిస్తే పొట్టు గోడ నిదానంగా రాజుకుంటుంది. అందులోంచి వచ్చే ఆవిర్లు కింది గాలితో కలిసి సొరంగంలోనే భగ్గుమంటాయి. మామూలు కట్టెల పొయ్యిలో వేడో గాలో చాలక ఆ ఆవిర్లే కళ్లు మండిస్తాయి.

ఇదే కిటుకును ఇంజను దాకా తీసుకెళ్లింది గ్యాసిఫయర్. మూసిన డ్రమ్ములో కర్ర ముక్కలు పోసి, పూర్తిగా మండడానికి చాలనంత గాలే ఇస్తారు. ఆ గాలిని ఎటు పంపాలన్నదే పెద్ద పేచీ. కింది నుంచి పైకి పంపితే యంత్రం సులువు. కానీ వాయువు పచ్చి కర్రల మీదుగా పోతూ తారు మోసుకొస్తుంది, ఇంజను వాల్వులు అతుక్కుపోతాయి. 1920ల్లో ఫ్రెంచి ఇంజనీరు జార్జ్ ఇంబేర్ దారి తిప్పేశాడు: వాయువు కిందికే దిగాలి, అదీ ఇరుకైన గొంతులోంచి. అక్కడ వేడి వెయ్యి డిగ్రీలకు పైమాటే. పక్కదారి లేని తారు ఆ సెగకు తునకలైపోతుంది. గొంతు కింద ఎర్రగా కణకణలాడే బొగ్గు, కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా, నీటి ఆవిరిని హైడ్రోజన్‌గా మారుస్తుంది. రెండూ మండే వాయువులే. ఈ చర్యలు వేడిని మింగుతాయి కాబట్టి కిందికి దిగేకొద్దీ వాయువు చల్లబడుతుంది కూడా.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై మన రోడ్లెక్కిన బొగ్గు బస్సులు ఈ కుటుంబానివే. కర్రను బొగ్గు చేసినప్పుడే తారు పోతుంది కనుక వాటికి తారు బెడద తక్కువ. క్లీనరు చేత్తో ఫ్యాను తిప్పితేనే నిప్పు రాజుకునేది. పెట్రోలు తిరిగొచ్చింది, బస్సులు పోయాయి. తర్వాత బెంగళూరులోని శాస్త్ర పరిశోధన సంస్థ ఐఐఎస్‌సీ పైన తెరిచి ఉండే గ్యాసిఫయర్ చేసింది. డెల్టా బియ్యం మిల్లుల ఊకతో మరో చిక్కు: అది తేలిక, బూడిదే ఐదో వంతు, అదీ దాదాపు సిలికా. ఇరుకు గొంతులో అడ్డుపడుతుంది కనుక దానికి గొంతు లేని డ్రమ్ము కావాలి.

అయితే నిప్పు తారు అణువును చీల్చగలదు గాని సీసం పరమాణువును చీల్చలేదు. పాత రంగుల్లోని సీసం, చెదలు పట్టకుండా కర్రకు ఎక్కించిన ఆర్సెనిక్, బూడిదలోనో గాలిలోనో తేలాల్సిందే. ఆర్సెనిక్ త్వరగా ఆవిరవుతుంది. అందుకే గాలిలో అవి ఎంతున్నాయో కొలవడానికి మేడ మీద పంపు పెట్టి, గాలిని వడపోత కాగితంలోంచి లాగి, చిక్కిన ధూళిని ఆమ్లంలో కరిగించి, జ్వాలలోకి చిమ్ముతారు. సీసాన్ని పట్టడానికి సీసంతో చేసిన దీపమే వాడతారు. దాని కాంతిని సీసం పరమాణువులు మింగుతాయి, ఎంత తగ్గిందో అదే లెక్క. ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ 1955లో ప్రకటించిన పద్ధతి ఇది. మన 2009 ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో ఏడాది సగటున సీసం 0.5 మైక్రోగ్రాములు, ఆర్సెనిక్ 6 నానోగ్రాములు దాటకూడదు.

కాబట్టి కొండపల్లి బొమ్మలు చెక్కగా రాలిన పొణికి పేళ్లు డ్రమ్ములో నిశ్చింతగా పోయొచ్చు. రంగేసిన పాత తలుపును మాత్రం వేయకూడదు. ఎంత మంచి గొంతైనా దాన్ని శుభ్రం చేయలేదు.