మణికట్టుపై రక్తపోటు లెక్క

ఇబ్రహీంపట్నము మండలమునందలి ఆదిబట్ల సాఫ్టువేరు కార్యాలయములకు నిత్యము పోయివచ్చు యువకులు, దినమునకెన్ని యడుగులు నడిచితిమో, రాత్రి యెన్ని గంటలు నిదురించితిమో తమకు తెలుపు స్మార్టు వాచీయే, ఇంటివద్ద బీపీ మాత్రలు వేసికొను తల్లిదండ్రుల రక్తపోటును గూడ చెప్పగలదని తలంచి, దానిని కొని వారి మణికట్టునకు తొడుగుచున్నారు. ఆ ప్రేమ మెచ్చదగినదే. కాని సాధారణముగా ఆ వాచీ రక్తపోటును కొలుచుటలేదు, ఊహించుచున్నది.

1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచి దండచేతికి గాలిపట్టీ చుట్టి పోటును కొలుచు సాధనమును కల్పింపగా, 1905లో రష్యా వైద్యుడు కొరొట్కాఫ్ ఆ పట్టీ సడలునప్పుడు ధమనిలో వినవచ్చు చప్పుళ్లను బట్టి పైపోటును క్రిందిపోటును నిర్ణయించు మార్గమును చూపెను. నేటి ఇంటి బీపీ మిషను చప్పుళ్లకు మారుగా పట్టీలోని సూక్ష్మకంపనములను గ్రహించును. ఏ పద్ధతియైనను ధమనిని నొక్కి, లోని రక్తమెంత యెదురునిలుచునో చూచుటయే దాని మూలము.

వాచీ దేనినీ నొక్కదు. దాని యడుగునుండి వెలువడు పచ్చని కాంతిని చర్మము క్రింది రక్తము పీల్చుకొనుటచే, ప్రతి నాడికిని మరలివచ్చు కాంతి హెచ్చుతగ్గులగును. గుండె నిమిషమునకెన్నిమారులు కొట్టుకొనునో చెప్పుటకు ఇది చాలును. పోటు సంగతి వేరు. కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నము చెరువుకట్టపై నిలిచి, అలల తీరును మాత్రమే చూచి నీటిలోతు చెప్పబూనుట వంటిది ఆ పని. అందుచేతనే శాంసంగు వాచీలలోని బీపీ లెక్కను నాలుగు వారములకొకమారు పట్టీమిషనుతో సరిచూచుకొనవలసియున్నది.

ఈ చిక్కునకు రంగారెడ్డి జిల్లాయే సాక్ష్యమిచ్చినది. 1987-90 సంవత్సరములలో జాతీయ పోషకాహార సంస్థ ఇచటి 29 పల్లెలలో జరిపిన అధ్యయనమున, 15 పల్లెల గర్భిణులకును శిశువులకును అదనపు టాహారమందగా, తక్కిన 14 పల్లెలకు ఆ పథకమింకను రాకుండెను. ఆ బిడ్డలు కౌమారమునకు వచ్చిన పిమ్మట, సంజయ్ కిన్రా, కె. వి. రామేశ్వరశర్మ ప్రభృతులు వారి రక్తపోటుతోపాటు నాడీతరంగమును గూడ పరీక్షించి 2008లో ప్రకటించిన ఫలితములలో, రెండు వర్గముల పోటు ఇంచుమించు సమానముగనే యుండగా, ఆహారమందినవారి ధమనులు మాత్రము తక్కువ బిరుసుగ నున్నట్లు తరంగాకృతి సూచించినది. పోటు ఒక్కటియే, అల వేరు! అలను చూచి పోటును చెప్పు యంత్రము ఎచట తడబడునో ఇంతకంటె స్పష్టముగా తెలుపు దృష్టాంతము నాకు కనబడలేదు.

ఐరోపా రక్తపోటు వైద్యుల సంఘము పట్టీలేని సాధనములను రోగనిర్ణయమునకుగాని చికిత్సకుగాని వాడవలదని 2022లోనే చెప్పినది. 2025లో అమెరికా అనుమతి పొందిన యాపిల్ వాచీ సైతము అంకెలేమియు చూపదు. 30 దినముల నాడిని గమనించి, అధిక రక్తపోటు ఉండవచ్చునని హెచ్చరించును, అంతియే. ఆ వినయము నాకు నచ్చినది. పట్టీలోనే గాలి నిండు ఓమ్రాన్ వారి వాచీ యొకటి కలదు గాని, అది వేరుజాతి.

కావున కొనవలసినది దండచేతికి చుట్టు మిషనే. టీ త్రాగి అరగంటయైన గడచిన తరువాత, వీపునకు ఆనుదల గల కుర్చీలో ఐదు నిమిషములు మాటలాడక కూర్చుండి, కాలిపై కాలు వేయక, చేతిని గుండె యెత్తున బల్లపై నుంచవలెను. చేయి పది సెంటీమీటర్లు క్రిందికి దిగినచో అంకె సుమారు 8 మిల్లీమీటర్లు పెరుగును. ఉదయము రెండుమారులు, సాయంకాలము రెండుమారులు చొప్పున ఏడు దినములు చూచి, మొదటిదినపు లెక్కను విడిచి తక్కినవాని సగటు తీయగా, అది 135/85 గాని అంతకు మించిగాని యున్నచో ఎక్కువయే. ఆసుపత్రిలో ఆ హద్దు 140/90.

ఆ అంకెలను కాగితముపై వ్రాసి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరుకు చూపుడు. వాచీలో అంకె తగ్గినదని మాత్రలు మానవలదని మీ పెద్దలకు మరిమరి చెప్పుడు.