ఎముక పిడి చాకు ఎంతకాలము మన్నును?

మడత చాకు కొనువారు సాధారణముగా ఉక్కును గురించి అడుగుదురు. పిడిని గురించి అడుగరు. కాని మన చేతిలో నుండునది పిడియే. ఎముక పిడి చూచుటకు ఇంపుగా నుండును, వాడిన కొలది నునుపెక్కును. అయినను “ఎముక కదా, నాలుగు నాళ్లకే పగిలిపోదా?” అను శంక చాలమందిని వెనుకకు లాగును. ఈ శంక నిరాధారము కాదు. అయితే పగులునకు కారణము చాలవరకు ఎముక గాక, దానిని సిద్ధపరచిన తీరును, వాడిన తీరును అని మేము చెప్పదలచుచున్నాము.

ఆస్ట్రియా దేశమందలి హాల్‌స్టాట్ వద్ద ఎముక పిడి గల మడత చాకు ఒకటి దొరకినది. అది క్రీ. పూ. 600–500 నాటిదని చెప్పుదురు. నిజమే, మంటిలో పడియుండి నిలుచుట వేరు, దినమునకు పదిమారులు జేబులోనుండి తీయగా నిలుచుట వేరు. కనుక ఎముకలో ఏమున్నదో చూతము.

ఎండిన ఎముక బరువులో ఇంచుమించు మూడింట రెండు వంతులు కాల్షియం ఫాస్ఫేటు జాతి ఖనిజము. తక్కినది చాలవరకు కొల్లాజెన్ అను నారవంటి మాంసకృత్తు. దీనిని శ్రోతలు వంటయింటిలోనే పరీక్షింపవచ్చును. కోడి కాలి ఎముకను కొన్ని దినములు వినిగరులో నాననిచ్చినచో ఖనిజము కరిగి, ఎముక రబ్బరువలె వంగును. మరియొక దానిని నిప్పులలో బాగుగా కాల్చినచో ఆకారము మిగులును గాని, నలిపిన పొడియగును. గట్టిదనము ఖనిజమునది, దెబ్బకు ఓర్చుకొను గుణము నారది.

పిడులకు తరచుగా వాడునది గొడ్ల కాలి ఎముక. దాని గోడ మందముగాను దట్టముగాను ఉండును. మన దేశమున ఉత్తరప్రదేశ్‌లోని సంభల్ ఎముక, కొమ్ము పనికి పేరుపొందినది. ఎముకను ఉడికించి, క్రొవ్వు తీసి, ఆరబెట్టి, పలకలుగా కోయుదురు. పిడి ఆయువు ఇచ్చటనే చాలవరకు నిర్ణయమగును. క్రొవ్వు మిగిలినచో పసుపు మరకలు, దుర్వాసన. అతిగా ఉడికించినచో కొల్లాజెన్ జిలాటిన్‌గా మారి నీటిలో కలిసిపోవును. అట్టి పలకకు పైకి ఏ లోపమును కనబడకపోవచ్చును. క్రిందపడిన నాడు పెళ్లున విరుగును.

ఇక వాడుక సంగతి. పలకను ఇత్తడి రేకునకు సన్నని మేకులతో బిగింతురు. ఎముక తడికి ఉబ్బును, ఆరినప్పుడు కుదించుకొనును. లోహము అట్లు చేయదు. ఈ పెనుగులాట అంతయు మేకు రంధ్రముల చుట్టు జరుగును. అందుచేతనే వెండ్రుకవంటి బీట మేకు దగ్గర బయలుదేరి, నారల వెంట పిడి పొడవునా సాగును. షెఫీల్డులో తయారైన పాత భోజనపు కత్తుల ఎముక పిడులు వేడినీటి నానుడుకు పాడగుట ఇందువలననే. గిన్నెలు కడుగు యంత్రములో ఎముక పిడిని వేయనే కూడదు.

ఎముకకు బదులు 19వ శతాబ్దపు చివరి భాగమున సెల్యులాయిడ్ పిడులు వచ్చినవి. అవి కాలక్రమమున తమంతట తామే శిథిలమై, ఆమ్లపు ఆవిరులను విడిచి, ప్రక్కనున్న ఉక్కును సైతము తుప్పు పట్టించును. ఎముకకు ఈ రోగము లేదు. 1960 నాటికి విపణికి వచ్చిన డెల్రిన్ అను ప్లాస్టిక్ మాత్రము నిజముగా మొండిది, తడిని లెక్కచేయదు. నిత్యము నీటిలో పనిచేయు జాలరికి అదియే మేలని మేము నిస్సంకోచముగా చెప్పుదుము. పండు కోయుటకు, పురికొస తెంచుటకు, కవరు విప్పుటకు చాకు వాడువారికి ఎముక పిడి దశాబ్దముల కొలది మన్నగలదు.

అందుకు చేయవలసినది స్వల్పము. తడి తగిలినచో వెంటనే తుడువవలెను. ఎండ పడు కిటికీలోను, పొయ్యి గట్టుమీదను ఉంచరాదు. అప్పుడప్పుడు ఒక చుక్క లిక్విడ్ పారఫిన్ రాచిన చాలును. వంటనూనెలు కాలము గడచిన కొలది జిగటయగును, కంపుకొట్టును. మన యిండ్ల నాపరాతి నేల ఈ పిడికి గట్టి శత్రువు; చాకు రంధ్రమునకు ఒక త్రాడు కట్టుకొనుట మంచిది. సన్నని బీట కనబడినచో పలుచని సూపర్ గ్లూ చుక్క నింపి ఆపవచ్చును. బీట అంచువరకు పోయినచో పలక మార్పించుటయే మార్గము. కొనునప్పుడు మేకుల చుట్టు గోరు రాచి చూడుడు. అచ్చట గోటికి గీత తగిలినచో ఆ చాకును దుకాణములోనే విడిచి, మరియొకటి తీయింపుడు.