నీళ్ళు రాకముందే మూటాముల్లె సర్దుకోవాలి
వెలిగొండ ముంపు గ్రామాల్లో ఇల్లు మారే కుటుంబాలకు కొన్ని ముందుజాగ్రత్తలు

పట్నంలో ఇల్లు మారడమంటే ఒక వీధిలోని సామాను మరో వీధికి చేర్చుకోవడమే. ముంపు గ్రామంలో సంగతి వేరు. ఇక్కడ ఇంటితోపాటు పశువుల కొట్టం, గడ్డివామి, దేవుడి గుడి, ఇరుగుపొరుగు అన్నీ కదలాలి. చేను, చెట్టు, పెద్దల సమాధులు కదలవు. పైగా వదిలి వచ్చిన చోట నీళ్ళు నిలిచిన తరువాత మరచిపోయిన వస్తువు కోసం వెనక్కు వెళ్ళే వీలుండదు. అందువల్ల ఈ పని ఒక్కరోజులో తేలేది కాదు. కనీసం ఆరు నెలల ముందు నుంచీ లెక్క వేసుకొని చేయవలసిన పని.

మన పడమటి ప్రాంతానికి సాగునీరు, తాగునీరు ఇవ్వడానికి ఉద్దేశించిన పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. పనులు ఊపందుకున్నది 2004 తరువాత. శ్రీశైలం జలాశయంలోని కొల్లంవాగు వద్ద నుంచి కృష్ణ వరద నీటిని 43.5 టి.ఎం.సి.ల మేరకు రెండు సొరంగాల ద్వారా నల్లమల కింద నుంచి ఇవతలికి తీసుకురావాలన్నది పథకం. ఒక్కొక్క సొరంగం పొడవు సుమారు 19 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల వద్ద కొండల మధ్య వున్న ఖాళీలను కట్టలతో మూసివేయగా ఏర్పడే జలాశయమే నల్లమల సాగర్. దాని నిల్వ సామర్థ్యం 53.85 టి.ఎం.సి.లు. మొదటి సొరంగం తవ్వకం 2021లోనూ, రెండవది 2024 జనవరిలోనూ పూర్తయ్యాయి. 2024 మార్చి 6వ తేదీన సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికి ముంపు కుటుంబాల పునరావాసం పూర్తికాలేదు.

సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ, అక్కచెరువు, లక్ష్మీపురం మొదలైన గ్రామాలు, తండాలు ఈ జలాశయం ముంపు కిందికి వస్తాయి. వీరి కోసం తోకపల్లి, ఇడుపూరు, గొట్లగట్టు, దేవరాజుగట్టు మొదలైన చోట్ల పునరావాస కాలనీలకు స్థలాలు చూశారు.

శ్రీశైలం నేర్పిన పాఠం

ఏ జలాశయం నీరు మనకు రానున్నదో ఆ శ్రీశైలం ముంపు గ్రామాల అనుభవం మన పెద్దలలో కొందరికి తెలుసు. ఆ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగింది. ఊళ్ళు ఖాళీ చేయించినది 1981లో. మధ్యలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. అయినా కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని వందకు పైగా గ్రామాల ప్రజలలో ఎంతోమంది చివరి ఘడియలో హడావుడిగా కదలవలసి వచ్చింది. "ఇన్నేళ్ళుగా రాని నీళ్ళు ఈ ఏడే వస్తాయా?" అనుకోవడం ఎక్కడైనా సహజమే. ప్రాజెక్టు పనులు ఏళ్ళ తరబడి సాగుతాయి గాని, వరద వచ్చిన ఏడు నీరు నింపడానికి వారాలు చాలు. ఈ తేడాను మరచిపోరాదు.

మొదట కాగితాలు

సామాను కంటే ముందు సర్దుకోవలసినవి కాగితాలు. పట్టాదారు పాస్‌పుస్తకం, భూసేకరణ నోటీసులు, అవార్డు నకలు, ఇంటిపన్ను రశీదులు, కరెంటు బిల్లులు, రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, ఓటరు కార్డులు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల పుట్టినతేదీ పత్రాలు, కులధ్రువీకరణ, పెద్దల మరణధ్రువీకరణ పత్రాలు అన్నింటికీ రెండేసి జిరాక్సులు తీయించాలి. అసలు కాగితాలు ఒక రేకుపెట్టెలో పెట్టి తాళం వేసుకోవాలి. ఆ పెట్టె ట్రాక్టరులో వేయరాదు. ఇంటి పెద్దగానీ, ఇల్లాలు గానీ చేత పట్టుకొని వెళ్ళాలి.

పాత ఇంటిని, దొడ్డిని, బావిని, బోరును, చెట్లను నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీయించి దాచుకోవడం మంచిది. నష్టపరిహారం లెక్కలో తేడా వస్తే, ఇల్లు నీటిలో మునిగిన తరువాత చూపించడానికి అవే మిగులుతాయి.

ఏ చట్టం ప్రకారం తమ భూమి తీసుకున్నారో ప్రతి కుటుంబమూ తెలుసుకోవాలి. 2014 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టానికీ, అంతకుముందు నాటి 1894 చట్టానికీ, రాష్ట్ర ప్రభుత్వం 2005లో ప్రకటించిన పునరావాస విధానానికీ తేడాలు వున్నాయి. అవార్డు నకలు చూస్తే తేదీ, సెక్షను తెలుస్తాయి.

2013 చట్టం వర్తించే కుటుంబాలకు అందులోని రెండవ షెడ్యూలు ప్రకారం ఇల్లు కాక, సామాను తరలింపుకు రూ. 50 వేలు, పునరావాస భత్యంగా మరో రూ. 50 వేలు, ఏడాదిపాటు నెలకు రూ. 3 వేలు జీవనభృతి, పశువుల కొట్టం లేదా చిల్లర దుకాణం వున్నవారికి కనీసం రూ. 25 వేలు ఇవ్వాలి. వయసు వచ్చిన కొడుకు గానీ కూతురు గానీ, పెళ్ళి అయినా కాకపోయినా, వేరే కుటుంబం కిందే లెక్క. భర్త చనిపోయినవారిని, విడాకులు పొందినవారిని, భర్త వదిలివేసినవారిని కూడా వేరు కుటుంబాలుగానే పరిగణించాలని చట్టం చెబుతున్నది. కొత్త ఇంటి స్థలాన్ని భార్యాభర్తల ఇద్దరి పేరా ఇవ్వవచ్చు. ఈ మాట అడిగి రాయించుకోవడం ఆడవారికి ఎంతో భరోసా.

ఇంకొక ముఖ్యమైన నిబంధన వున్నది. సాగునీటి ప్రాజెక్టుల విషయంలో నీరు ముంచడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తికావాలని అదే చట్టం 38వ సెక్షను నిర్దేశిస్తున్నది. కదలడానికి తగిన గడువు కావాలని అడగడం దయ కోరడం కాదు. చట్టంలో వున్నదే అడగడం.

కొత్త చోటు ముందు చూసిరావాలి

కాలనీలో స్థలం చూపించగానే సంతకం పెట్టి రావడం కాదు. ఇంటిల్లిపాదీ, ముఖ్యంగా ఆడవారు, ఒకసారి వెళ్ళి చూడాలి. కుళాయిలో నీరు ఏ వేళ వస్తున్నది, ఎన్ని బిందెలు వస్తున్నది అడగాలి. మన ప్రాంతంలో చాలాచోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ గనుక తాగే నీటిని పరీక్ష చేయించమని గ్రామీణ నీటి సరఫరా అధికారులను కోరాలి. వాన కురిసినప్పుడు నీరు ఎటు పారుతుందో, ఇంటి పునాది రోడ్డు కంటే ఎత్తులో వున్నదో లేదో గమనించాలి. బడి, అంగన్‌వాడీ, రేషన్ దుకాణం, ఆసుపత్రి, బస్సు ఆగే చోటు ఎంత దూరమో నడిచి చూడాలి. పశువులకు మేత బీడు, చనిపోయినవారికి శ్మశానం వున్నాయా అని అడగడానికి మొహమాటపడరాదు. ఇవన్నీ మూడవ షెడ్యూలులో వున్న సౌకర్యాలే.

కొత్త ఇంటికి కప్పు, తలుపు, కరెంటు, నీరు ఈ నాలుగూ వచ్చేదాకా పాత ఇంటి పైకప్పు విప్పరాదు. పరిహారం సొమ్ము చేతికి రాగానే పాత అప్పులకో, పెళ్ళి ఖర్చులకో పోయి, కొత్త ఇల్లు గోడల దగ్గర ఆగిపోతే ఆ కుటుంబం రెంటికీ చెడుతుంది. అందుచేత ఇంటికి కావలసిన సొమ్ము, ఏడాది గ్రాసానికి కావలసిన సొమ్ము వేరువేరు ఖాతాల్లో వేసుకొని, మిగిలినదాని గురించే తరువాత ఆలోచించాలి.

ఎప్పుడు కదలాలి?

కృష్ణకు వరద వచ్చేది సాధారణంగా జులై నుంచి అక్టోబరు లోపల. సొరంగాల్లోకి నీరు వదిలేదీ అప్పుడే. కనుక ఆ ఏటి వానాకాలానికి ముందే కదలడం క్షేమం. కంది, పత్తి, మిరప, పొగాకు పనులు చాలావరకు మార్చి నాటికి తేలిపోతాయి. ఏప్రిల్ చివర బడులకు సెలవులు ఇచ్చి జూన్‌లో తెరుస్తారు. గృహప్రవేశాలకు వైశాఖం మంచిదని మనవారి నమ్మకం. ఆషాఢం వస్తే మంచిరోజులు లేవంటారు. మూఢం వున్న ఏడు పురోహితుణ్ణి ముందే అడిగి పెట్టుకోవాలి. అన్నీ కలిపి చూస్తే పంట ఇంటికి చేరిన తరువాత, ఎండలు పూర్తిగా ముదరక ముందు కదలడం అన్ని విధాలా అనుకూలం.

ఇంట్లో నిండుచూలాలు, బాలింత, మంచంపట్టిన పెద్దలు వుంటే వారిని సామానుతోపాటు తీసుకుపోరాదు. బంధువుల ఇంట రెండు మూడు రోజులు వుంచి, కొత్త ఇంట్లో పొయ్యి వెలిగిన తరువాత తీసుకురావాలి.

పాత ఇంటి కలప

మన మిద్దె ఇళ్ళలో దూలాలు, వాసాలు, ద్వారబంధాలు, నాపరాళ్ళు విలువైనవి. వాటిని తీసుకుపోవడానికి అధికారుల అనుమతి కాగితం మీద తీసుకోవాలి. విప్పే ముందు ప్రతి దూలానికీ, ప్రతి ద్వారబంధానికీ సుద్దముక్కతో కాక రంగుతో అంకె వేయాలి. మట్టి మిద్దె విప్పేటప్పుడు పైన మట్టి అంతా దించిన తరువాతనే వాసాలు తీయాలి. లేకపోతే కప్పు ఒక్కసారిగా కూలుతుంది. ఆ పనికి తెలిసిన మేస్త్రీని పెట్టుకోవాలి. పిల్లలను దగ్గరకు రానివ్వరాదు.

రాళ్ళ కుప్పలు, కట్టెల మోపులు, పాత గాదెలు కదిలించేటప్పుడు పాములు, తేళ్ళు వుంటాయని గుర్తుంచుకోవాలి. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించాలి. కాళ్ళకు చెప్పులు వుండాలి. పాము కరిస్తే నాటువైద్యం అంటూ కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

గొడ్డూ గోదా

పశువుల కంటే ముందు వాటి మేత కదలాలి. వామి తీసుకుపోయి కొత్త చోట వేసి, నీళ్ళతొట్టి కట్టి, ఒక పందిరి అయినా వేసిన తరువాతనే గేదెలను తోలాలి. ఎండలో కాక తెల్లవారుజామునో, పొద్దు వాలిన తరువాతనో నడిపించాలి. చూడి గేదెలను, లేగదూడలను వాహనంలో తీసుకుపోవడమే మంచిది. కదలడానికి నెల ముందు గాలికుంటు టీకా వేయించాలి. చోటు మారిన కొద్దిరోజులు పాలు తగ్గడం మామూలే. అది చూసి కంగారుపడి తక్కువ ధరకు గేదెను అమ్ముకోరాదు. ముంపు ఊళ్ళకు దళారులు ఆ సమయంలోనే వస్తారు.

నల్లమల అంచున మేకలు, గొర్రెలు మేపుకొనేవారికి కష్టం ఎక్కువ. కొత్త కాలనీ చుట్టూ ఎవరి బీడు ఎక్కడ వున్నదో, ఆ ఊరివారు ఏమంటారో ముందే వెళ్ళి మాట్లాడుకోవాలి. మంద తోలుకొని వెళ్ళిన తరువాత తగాదా పడడం కంటే అది నయం.

సామాను సర్దే వరస

సామాను మూడు భాగాలు చేయాలి. తీసుకుపోయేవి, అమ్మివేసేవి, పారవేసేవి. తరతరాలుగా అటక మీద వున్నదంతా మోసుకుపోతే కాలనీ ఇంట్లో మనుషులకు చోటు వుండదు. అయితే రోలు, తిరగలి వంటివాటిని బరువని వదిలేసే ముందు ఇంట్లో ఆడవారిని అడగాలి.

ఏడాదికి సరిపడే ధాన్యం, కందులు, విత్తనాలు మూతి కుట్టిన గోతాల్లో వేసి, ఇంటి పేరు రాయాలి. పురుగు మందులు, ఎరువులు తిండిగింజలతో కలిపి ఒకే బండిలో వేయరాదు. గ్యాసు బండను నిలువుగా వుంచి తీసుకుపోవాలి. పసుపు, ఉప్పు, దేవుడి పటం, రెండురోజుల బియ్యం, పప్పు, దీపం, అగ్గిపెట్టె, మంచినీళ్ళు, పెద్దల మందులు ఇవన్నీ ఒక గంపలో పెట్టి చివర ఎక్కించాలి. చివర ఎక్కినది ముందు దిగుతుంది. అర్ధరాత్రి అగ్గిపెట్టె కోసం పది మూటలు విప్పే అవస్థ తప్పుతుంది.

ఊరంతా ఒకేరోజు కదిలితే ట్రాక్టరు కిరాయి చుక్కలనంటుతుంది. వీధి వీధికీ రోజులు పంచుకొని, నాలుగిళ్ళు కలిసి ఒక ట్రాక్టరు మాట్లాడుకొని, ఒకరి సామాను మరొకరు ఎత్తిపెట్టుకుంటే ఖర్చు సగానికి సగం కలిసివస్తుంది. కిరాయి ట్రిప్పుకా, రోజుకా అన్నది ముందే తేల్చుకోవాలి.

ఊరు చెదరకుండా

ఇల్లు మారడం ఒక ఎత్తు, ఊరు చెదరకుండా చూసుకోవడం మరో ఎత్తు. ఒక వీధివారికి కాలనీలో పక్కపక్కనే స్థలాలు కావాలని కేటాయింపుకు ముందే అందరూ కలిసి అర్జీ ఇవ్వాలి. పిల్లను ఒక గంట చూసేవారు, రాత్రివేళ పిలిస్తే పలికేవారు పక్కన వుండడం ఏ ప్యాకేజీలోనూ రాయరు. ఒంటరి ముసలివారికి ఇది మరీ అవసరం.

పోలేరమ్మ గుడి, బొడ్రాయి, మసీదు, చర్చి విషయాలు ఊరి పెద్దలు ముందే కూర్చొని తేల్చుకోవాలి. శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. అంత పెద్ద గుడినే కదిలించగలిగినప్పుడు ఊరి అమ్మవారి గుడిని పద్ధతిగా తరలించుకోవడం అసాధ్యమేమీ కాదు.

చేరిన తరువాత

కొత్త ఇంట్లో పాలు పొంగించిన వారంలోపల కాగితాల పని మళ్ళీ మొదలుపెట్టాలి. పిల్లల టి.సి.లు కొత్త బడిలో ఇవ్వాలి. ఆధార్‌లో చిరునామా మార్పించాలి. రేషన్ కార్డు, పింఛను, ఉపాధి కార్డు కొత్త సచివాలయానికి మార్చమని అర్జీ పెట్టి రశీదు తీసుకోవాలి. ఓటు మార్పుకు ఫారం 8 నింపాలి. పాత కరెంటు మీటరు రద్దు చేయించకపోతే బిల్లు వస్తూనే వుంటుంది.

జలాశయం నిండిన తరువాత అందులో చేపలు పట్టుకొనే హక్కును ముంపు కుటుంబాలకు ఇవ్వవచ్చునని చట్టంలో వున్నది. భూమి పోయినవారికి అది ఒక బతుకుతెరువు కావచ్చు. సంఘంగా ఏర్పడి ముందుగా అర్జీ పెట్టుకున్నవారి మాటకు బలం వుంటుంది.

వెలిగొండ నీరు పడమటి మెట్టకు రావాలని కోరనివారు లేరు. ఆ నీటి కోసం ఊరు వదులుతున్నవారు ఒక మూటా, ఒక కాగితమూ, ఒక గేదే కూడా నష్టపోకుండా కొత్త గడప తొక్కాలి. అధికారులు తేదీ చెప్పేదాకా వేచివుండనక్కరలేదు. రేకుపెట్టె తెచ్చి కాగితాలు అందులో పెట్టే పని ఈవారమే చేయవచ్చు.