మంట తగిలితే తానే మూసుకునే గ్యాసు వాల్వు

గోబర్ గ్యాసు వాడే రైతు సోదరులు చాలామంది పొయ్యి దగ్గరి టాపు కట్టేస్తే చాలనుకుంటారు. వంట పాకకే నిప్పంటుకుంటే ఆ టాపు దాకా పోయేదెవరు? ప్లాస్టిక్ పైపయితే వేడికి మెత్తబడి ఊడిపోతుంది. ఇక అగ్నికి ఆజ్యం పోసినట్టే. తేలే డ్రమ్ము ప్లాంటులో ఒత్తిడి 10 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు అటూ ఇటూగానే ఉంటుంది. తక్కువే కదా అనుకోవద్దు, డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా గ్యాసు వస్తూనే ఉంటుంది.

ఇలాంటి ప్రమాదానికే జర్మనీలో ఇళ్ల గ్యాసు పైపులకు ఒక వాల్వు బిగిస్తారు. లోపల అదిమిపెట్టిన స్ప్రింగు ఉంటుంది. దాన్ని ఆపి ఉంచేది తక్కువ వేడికే కరిగే టంకం. వేడి సుమారు 100 డిగ్రీలకు చేరగానే టంకం కరిగి, స్ప్రింగు బిరడాను తోసి దారి మూసేస్తుంది. కరెంటుతో పనిలేదు, మనిషితో పనిలేదు. ఒకసారి మూసుకుంటే తీసేసి కొత్తది వేయాల్సిందే. మామూలు లీకును మాత్రం ఇది కనిపెట్టదు. దానికి సబ్బు నురగ రాసి చూసుకోవడమే.

ఎక్కడైనా దొరికితే, గోబర్ గ్యాసుకు పనికొస్తుందా అని అడిగి మరీ కొనండి. ఈ గ్యాసులోని గంధకపు వాయువు ఇత్తడిని తినేస్తుంది. దొరక్కపోతే పాక బయట, మంట సెగ తగలనిచోట, పావు చుట్టుతో మూసుకునే బాల్ వాల్వు వేయించండి. పాక లోపల పైపు జీఐదే ఉండాలి. డ్రమ్ము మీద గేట్ వాల్వు ఉందిగా అంటారేమో, తుప్పు పట్టి తిరక్కపోతే ఏం లాభం? ఇవాళే తిప్పి చూడండి. ఇంట్లో ఆడవాళ్ల చేతా ఒకసారి తిప్పించండి.