గ్రాఫిక్స్ డ్రైవరు లోపాల వలన కంప్యూటరు స్తంభించుట

గ్రాఫిక్స్ డ్రైవరు అనగా కంప్యూటరులోని ఆపరేటింగు సిస్టమునకు, తెరపై కనిపించు బొమ్మను తయారుచేయు గ్రాఫిక్స్ చిప్పునకు మధ్య దుబాసీగా పనిచేయు సాఫ్టువేరు. ఈ సాఫ్టువేరులో తప్పు ఉన్నపుడు గాని, అది ఆ కంప్యూటరుకు తగినది కానపుడు గాని తెర నల్లబడుట, బొమ్మ కదలక నిలిచిపోవుట, కంప్యూటరు తనంతట తానే ఆగి మరల మొదలగుట వంటివి జరుగును. ఎక్కువ సందర్భాలలో అప్పటికి భద్రపరచని పని మాత్రమే పోవును, డిస్కులోని ఫైళ్ళు చెక్కుచెదరవు. అయినను ఇటువంటి సమయములో డిస్కును ఫార్మాట్ చేయించి, ఉన్న ఫైళ్ళను పోగొట్టుకొనువారు, అవసరము లేకనే క్రొత్త కార్డు కొనువారు కలరు. ఇవే లక్షణాలు వేడి వలన, విద్యుత్తు చాలకపోవుట వలన, చిప్పు చెడిపోవుట వలన కూడ కలుగును గనుక లోపము ఎక్కడ ఉన్నదో ముందుగా నిర్ధారించుకొనుట ముఖ్యము.

డ్రైవరు పనిచేయు విధానము

ఒక ఆట గాని, వీడియో గాని, బ్రౌజరు గాని తెరపై ఏదైనా గీయవలసి వచ్చినపుడు డైరెక్ట్‌ఎక్స్, ఓపెన్‌జిఎల్ వంటి ప్రామాణిక పద్ధతులలో కోరిక పంపును. ఆ కోరికను ఫలానా చిప్పునకు అర్థమగు ఆదేశములుగా మార్చునది డ్రైవరు. చిప్పు మారినచో ఆదేశములు మారును. కాబట్టి ఒక చిప్పునకు వ్రాసిన డ్రైవరు వేరొక కుటుంబపు చిప్పునకు పనికిరాదు.

సామాన్యమైన ప్రోగ్రాములో తప్పు జరిగినపుడు ఆ ప్రోగ్రాము ఒక్కటే మూతపడును. డ్రైవరు సంగతి వేరు. దానిలో కొంత భాగము ఆపరేటింగు సిస్టమునకు గుండెకాయ వంటి కెర్నెల్‌లో పనిచేయును. అక్కడ తప్పు జరిగినచో ఇతర సమాచారము కూడ పాడు కాగలదు. అందువలన సిస్టము పని కొనసాగించక, ఉద్దేశపూర్వకముగనే ఆగిపోవును. విండోస్‌లో ఇట్లు ఆగినపుడు కనిపించు తెరను చాలాకాలము నీలి తెర అని పిలిచినారు. విండోస్ 11లో 2025లో మైక్రోసాఫ్ట్ దీనిని నల్ల తెరగా మార్చినది.

విండోస్ ఎన్.టి. 3.51 వరకు గ్రాఫిక్స్ పనిలో చాలా భాగము కెర్నెల్ వెలుపల జరిగెడిది. 1996లో వచ్చిన ఎన్.టి. 4.0లో వేగము కొరకు దానిని కెర్నెల్ లోనికి మార్చినారు. వేగము పెరిగినది కాని డ్రైవరు తప్పు చేసిన సిస్టము మొత్తము ఆగు అవకాశము కూడ పెరిగినది. 2007లో విడుదలైన విండోస్ విస్టాలో డ్రైవరును రెండుగా విభజించి, ఎక్కువ భాగమును మరల కెర్నెల్ వెలుపలికి తెచ్చినారు.

విస్టాతోనే టి.డి.ఆర్. అను ఏర్పాటు కూడ వచ్చినది. గ్రాఫిక్స్ చిప్పు ఒక పనిని 2 సెకన్లలోగా ముగించక, దానిని విడిచిపెట్టుటకు కూడ లొంగనిచో విండోస్ ఆ చిప్పును, డ్రైవరును తిరిగి మొదలుపెట్టును. అప్పుడు తెర క్షణకాలము నల్లబడి మరల వచ్చును. డ్రైవరు స్పందించుట మానినదని, తిరిగి కోలుకొన్నదని తెలుపు సందేశము దీనికి సంబంధించినదే. ఈ ప్రయత్నము విఫలమైనచో, లేదా ఒక నిమిషములో 5 సార్లకు మించి ఇదే జరిగినచో సిస్టము పూర్తిగా ఆగును. అప్పుడు కనిపించు దోష నామము 'వీడియో టి.డి.ఆర్. ఫెయిల్యూర్'.

కొన్ని ఘటనలు

* విస్టా, 2007: విస్టాకు క్రొత్త తరహా డ్రైవర్లు అవసరమైనవి. మొదటి నెలలలో అనేక కంప్యూటర్లు తరచుగా ఆగిపోయినవి. 2008లో ఒక వ్యాజ్యములో బయటపడిన మైక్రోసాఫ్ట్ పత్రముల ప్రకారము, 2007లో నమోదైన విస్టా స్తంభనలలో 28.8 శాతము ఎన్విడియా డ్రైవర్లకు, 17.9 శాతము మైక్రోసాఫ్ట్ సొంత సాఫ్టువేరుకు, 9.3 శాతము ఎ.టి.ఐ. డ్రైవర్లకు సంబంధించినవి. ఎక్కువ చిప్పులు అమ్ముడైన సంస్థకు లెక్కలో ఎక్కువ స్తంభనలు రావడము సహజము. కావున ఈ అంకెలను బట్టి మాత్రమే డ్రైవర్ల నాణ్యతను పోల్చరాదు.
* చిప్పు లోపము, 2008: తన లాప్‌టాప్ చిప్పులలో కొన్ని అసాధారణ సంఖ్యలో చెడిపోవుచున్నవని 2008 జూలైలో ఎన్విడియా ప్రకటించి, ఆ ఖర్చుల కొరకు 15 నుండి 20 కోట్ల డాలర్లు కేటాయించినది. వాడినవారికి కనిపించిన లక్షణాలు డ్రైవరు లోపమును పోలియున్నను, ఏ డ్రైవరు మార్చినను ఆ చిప్పులు బాగుపడలేదు.
* 196.75 డ్రైవరు, 2010: 2010 మార్చిలో ఎన్విడియా విడుదల చేసిన ఈ డ్రైవరు కొన్ని కార్డుల ఫ్యానును సరిగా నడపలేదు. కార్డులు విపరీతముగా వేడెక్కుచున్నవని ఫిర్యాదులు రాగా సంస్థ దానిని ఉపసంహరించుకొన్నది.

రెండవ ఘటనలో చిప్పు లోపము డ్రైవరు లోపమువలె కనిపించినది. మూడవ దానిలో డ్రైవరు లోపము కార్డుకే హాని చేయు స్థితి తెచ్చినది. లక్షణములను చూచి మాత్రమే కారణము చెప్పుట ఎంత కష్టమో వీటి వలన తెలియుచున్నది.

ముందుగా సేకరించవలసిన ఆధారములు

ఏ మార్పు చేయుటకైనను ముందు ఈ క్రింది విషయములను ఒక కాగితముపై వ్రాసుకొనుట మంచిది.

* కంప్యూటరు మొదటిసారి ఏ తేదీన ఆగినది, అంతకు ముందు ఏమి మారినది. క్రొత్త డ్రైవరు, విండోస్ అప్‌డేటు, క్రొత్త ఆట, క్రొత్త మెమరీ వంటివి.
* ఏ పని చేయునపుడు ఆగుచున్నది. ఆటలలోనా, వీడియో చూచునపుడా, ఏ పనీ లేనపుడా.
* తెరపై కనిపించిన దోష నామము. ఫోనుతో ఫోటో తీసుకొనుట సులభము.

విండోస్‌లోని రిలయబిలిటీ మానిటరు ఏ రోజున ఏది విఫలమైనదో, ఏ సాఫ్టువేరు చేరినదో తేదీల వారీగా చూపును. ఈవెంట్ వ్యూయరులో 4101 సంఖ్య గల నమోదులు గ్రాఫిక్స్ డ్రైవరు ఆగి కోలుకొన్న సందర్భములను తెలుపును. సిస్టము పూర్తిగా ఆగినపుడు విండోస్ ఫోల్డరులోని మినీడంప్ అను ఫోల్డరులో ఒక చిన్న ఫైలు మిగులును. దీనిని మైక్రోసాఫ్ట్ వారి విన్‌డిబిజి ప్రోగ్రాముతో తెరచినచో ఏ ఫైలు వద్ద ఆగినదో తెలియును. ఆ పేరు ఎన్.వి. అక్షరములతో మొదలైనచో ఎన్విడియా, ఎ.టి.ఐ. లేదా ఎ.ఎం.డి. అక్షరములతో మొదలైనచో ఎ.ఎం.డి., ఐ.జి.డి. అక్షరములతో మొదలైనచో ఇంటెల్ డ్రైవరు కావచ్చును.

అయితే ఆ ఫైలు పేరు సాక్షి మాత్రమే, నేరస్థుడని నిర్ణయించరాదు. చెడిపోయిన చిప్పు నుండి జవాబు రాక ఆగిపోయిన మంచి డ్రైవరు పేరు కూడ అక్కడ నమోదగును.

సరిచేయు క్రమము

ఒకసారికి ఒక మార్పు మాత్రమే చేసి, కొంతకాలము పరీక్షించి, ఆ పిమ్మట తరువాతి మెట్టునకు పోవలెను. నాలుగు మార్పులు ఒకేసారి చేసినచో దేని వలన బాగైనదో తెలియదు.

# తెర నల్లబడినను కంప్యూటరు నడుచుచున్నట్లు తోచినచో, విండోస్ 10, 11లలో విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి అను నాలుగు మీటలను కలిపి నొక్కవలెను. ఇది డ్రైవరును తిరిగి మొదలుపెట్టును. తెరచియున్న ఫైళ్ళు మూతపడవు.
# కంప్యూటరు కొద్దిసేపైనను నిలకడగా నడచినచో మొదట ముఖ్యమైన ఫైళ్ళను వేరొక డిస్కునకు నకలు చేయవలెను.
# ప్రాసెసరును గాని, గ్రాఫిక్స్ చిప్పును గాని నిర్ణీత వేగమునకు మించి నడుపుచున్నచో ఆ అమరికను తీసివేయవలెను.
# సేఫ్ మోడులో ప్రారంభించి చూడవలెను. విండోస్ 7 వరకు ప్రారంభములో ఎఫ్8 మీట నొక్కిన ఇది లభించును. విండోస్ 10, 11లలో షిఫ్ట్ మీట నొక్కి ఉంచి రీస్టార్ట్ ఎంచుకొనవలెను. తెర అసలే రానిచో, ప్రారంభము వరుసగా రెండు మూడుసార్లు మధ్యలో ఆగినపుడు రికవరీ తెర తనంతట తానే వచ్చును. డిస్కు గుప్తీకరించబడి ఉన్నచో బిట్‌లాకర్ రికవరీ సంఖ్య అడుగవచ్చును గనుక దానిని ముందే వ్రాసి ఉంచుకొనవలెను.
# క్రొత్త డ్రైవరు వేసిన తరువాతనే సమస్య మొదలైనచో, డివైస్ మేనేజరులో డిస్‌ప్లే అడాప్టర్స్ క్రింద కార్డు పేరును ఎంచుకొని 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కవలెను. ఈ సదుపాయము విండోస్ ఎక్స్.పి. నుండి ఉన్నది. పాత డ్రైవరు నిల్వలో లేనిచో ఆ బొత్తాము పనిచేయదు.
# అప్పటికిని బాగుకానిచో డ్రైవరును పూర్తిగా తొలగించి మరల వేయవలెను. కావలసిన డ్రైవరును ముందే దింపుకొని, తొలగించునపుడు ఇంటర్నెట్టు ఆపివేయవలెను. లేనిచో విండోస్ తనకు తోచిన డ్రైవరును మధ్యలో వేసివేయును. అవశేషములను కూడ తొలగించుటకు డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలర్ అను ఉచిత ప్రోగ్రామును చాలామంది సేఫ్ మోడులో వాడుదురు.
# లాప్‌టాప్ విషయములో మొదట ఆ లాప్‌టాప్ తయారీదారు ఇచ్చిన డ్రైవరునే ప్రయత్నించవలెను.
# బ్రౌజరులో మాత్రమే సమస్య వచ్చుచున్నచో దాని అమరికలలో హార్డువేర్ యాక్సిలరేషన్ ఆపి చూడవలెను.

సేఫ్ మోడులో కంప్యూటరు నిలకడగా ఉన్నంత మాత్రమున డ్రైవరుదే తప్పని తేల్చరాదు. ఆ స్థితిలో గ్రాఫిక్స్ చిప్పు దాదాపు ఏ పనీ చేయదు. బలహీనపడిన చిప్పు కూడ అంత తేలిక పనిని చేయగలదు.

డ్రైవరు కారణము కాని సందర్భములు

విండోస్ మొదలుకాక ముందే, అనగా బయోస్ తెరపైననే గీతలు, చుక్కలు, తప్పు రంగులు కనిపించినచో అది డ్రైవరు లోపము కాదు. ఆ సమయమునకు విండోస్ డ్రైవరు ఇంకను మెమరీలోనికి రాలేదు. అప్పుడు తెర, దాని తీగ, కార్డు, మెమరీ వీటిలో ఏదో ఒకటి కారణము. తీగను, తెరను మార్చి చూచుట ఖర్చు లేని పరీక్ష.

లినక్సును పెన్ డ్రైవు నుండి నడిపి, అక్కడ కూడ కంప్యూటరు అదే విధముగ ఆగుచున్నచో హార్డువేరును అనుమానింపవలెను. రెండు వేరు వేరు డ్రైవర్లు ఒకే తప్పు చేయుట అరుదు.

భారీ ఆట మొదలైన కొన్ని నిమిషములకు ఆగుట వేడికి గాని, పవర్ సప్లై చాలకపోవుటకు గాని సూచన. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో వేసవి పగటి వేడి 40 డిగ్రీలు దాటు రోజులలో గదిలోని గాలియే వేడిగా ఉండును. ఫ్యానులో దుమ్ము పేరుకొనినచో రాత్రి బాగుగా నడచిన కంప్యూటరు మధ్యాహ్నము ఆగవచ్చును. కంప్యూటరును ఆపి, ప్లగ్గు తీసి, దుమ్ము తొలగించి, కార్డు తన గాడిలో సరిగా కూర్చున్నదో లేదో చూడవలెను. విండోస్‌లోని మెమరీ డయాగ్నస్టిక్ ద్వారా మెమరీని కూడ పరీక్షించవచ్చును.

టి.డి.ఆర్. వ్యవధిని 2 సెకన్ల నుండి పెంచుకొనమని కొందరు సలహా ఇచ్చెదరు. చిప్పుపై దీర్ఘమైన గణనలు చేయువారికి ఇది ఉపయోగము. ఇతరులకు ఇది లోపమును తొలగించదు, తెర నిలిచిపోవు సమయమును మాత్రము పెంచును.

లినక్సులో

లినక్సు ప్రారంభములో తెర నల్లగా ఉండిపోయినచో, గ్రబ్ పట్టికలో 'ఇ' మీట నొక్కి, లినక్స్ అను పదముతో మొదలగు వరుస చివర 'నోమోడ్‌సెట్' అను పదమును ఆంగ్ల అక్షరములతో చేర్చి ప్రారంభించవలెను. ఇది ఆ ఒక్కసారికి మాత్రమే వర్తించును. తెర వచ్చిన పిమ్మట సరియైన డ్రైవరును వేసుకొనవచ్చును. కెర్నెల్ నవీకరణ తరువాత ఎన్విడియా వారి సొంత డ్రైవరు దానితో పొసగక తెర రానిచో, గ్రబ్‌లో పాత కెర్నెల్‌ను ఎంచుకొనుట తాత్కాలిక మార్గము.

నివారణ

* డ్రైవర్లను చిప్పు తయారీదారు, కంప్యూటరు తయారీదారు లేదా ఆపరేటింగు సిస్టము ద్వారా మాత్రమే పొందవలెను. అన్ని డ్రైవర్లను తామే సరిచేసెదమను అపరిచిత ప్రోగ్రాములను నమ్మరాదు.
* క్రొత్త డ్రైవరు వేయుటకు ముందు రిస్టోర్ పాయింటు ఏర్పరచి, బాగుగా పనిచేసిన పాత డ్రైవరు ఫైలును దాచి ఉంచవలెను.
* డ్రైవర్ల నవీకరణలలో భద్రతా లోపముల సవరణలు కూడ ఉండును గనుక పాత డ్రైవరునే ఏండ్ల తరబడి ఉంచరాదు.
* విండోస్ ఎక్స్.పి.కి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసినది. ఇటువంటి పాత సిస్టములకు క్రొత్త డ్రైవర్లు క్రమముగా తగ్గిపోవును.
* ఫార్మాట్ చేయుట చివరి మార్గము. హార్డువేరు లోపమైనచో ఫార్మాట్ వలన ప్రయోజనము లేదు. డ్రైవరు లోపమైనచో దాదాపు అవసరము లేదు. తప్పనిసరియైనచో ఫైళ్ళ నకలు వేరొక చోట తెరచి చూచుకొనిన తరువాతనే చేయించవలెను.