వయ్యారిభామ – ఆ పేరెవరు పెట్టారు?

చీపురుపల్లి నుంచి రాజాం వెళ్లే రోడ్డుకు రెండు పక్కలా, ఆమదాలవలసలో రైలుకట్ట పొడవునా తెల్లపూల మొక్కొకటి కనిపిస్తుంది. ఆకు క్యారెట్ ఆకులా ఉంటుంది. వ్యవసాయ పుస్తకాల్లో దాని పేరు వయ్యారిభామ. మొన్న మొక్కజొన్న చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్ల దగ్గర ఈ పేరెత్తితే ఒక ముసలమ్మ చేతులు చాపింది.

"ఒయ్యారవేటి బాబూ! రేతిరి నిద్దర్నేదు, ఒకటే గోకుడు. ఇదిగో సూడు."

మోచేతుల దాకా చర్మం నల్లబడి బిరుసెక్కింది.

గాలికి ఒయ్యారంగా ఊగుతుందని పెట్టిన పేరు కాబోలు. గట్టు మీద నిలబడి చూసినవాడికే అలా తోస్తుంది. శాస్త్రజ్ఞుల పేరూ ఆడదాని మీదే. పార్థీనియం హిస్టెరోఫోరస్ అని 1753లో స్వీడన్ దేశపు లిన్నేయస్ పెట్టాడు. గ్రీకులో పార్థెనోస్ అంటే కన్య, హిస్టెరా అంటే గర్భసంచి. ఇందులో ఉన్న విషం పేరు పార్థెనిన్.

మూడో పేరు కాంగ్రెస్ గడ్డి. తెల్లపూలు కాంగ్రెస్ టోపీల్లా ఉంటాయని కొందరంటారు. కాంగ్రెస్ ఏలుబడిలో, పి.ఎల్. 480 కింద దిగిన అమెరికా గోధుమలతో వచ్చింది గనుక ఆ పేరని మనవాళ్లు సభల్లో చెప్పేవారు. నేనూ చెప్పాను. తర్వాత తేదీలు చూసుకుంటే నా ఉపన్యాసంలో లోటు కనపడింది. పుణెలో ఈ మొక్కను గుర్తించింది 1955లో. పి.ఎల్. 480 మీద మన ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నది 1956 ఆగస్టులో. 1951లో అప్పుగా వచ్చిన అమెరికా గోధుమలున్నాయి గనుక ఆ దారిని పూర్తిగా కొట్టిపారేయలేం. కాని 1814లోనే రాక్స్‌బర్గ్ కలకత్తా తోట మొక్కల జాబితాలో దీని పేరు రాశాడు. దేశమంతా పాకింది మాత్రం 1955 తర్వాతే.

ఒక్క మొక్క పాతికవేల దాకా విత్తనాలు రాలుస్తుంది. పుప్పొడి పీలిస్తే ఉబ్బసం. గొడ్డు మేస్తే పాలు చేదు. పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, తొడుగులేసుకుని వేళ్లతో సహా పీకాలి.

తొడుగులెవరు కొనాలి? కలుపుమందుకు డబ్బు తీసే రైతుకు కూలిదాని చేతులు గుర్తురావు. ఆ ముసలమ్మ కూలిలోంచే పూతమందు కొనుక్కుంటోంది. మొన్న కూలిరేటు మాట్లాడేటప్పుడు తొడుగుల సంగతి కూడా పెట్టాం. రైతు రెండు జతలిస్తానన్నాడు. కలుపుకు వచ్చింది పన్నెండుమంది. మిగతా పది జతలూ అడుగుతున్నాం.